ముద్దయిని నేనే

నాకు అనుమానం ఉగ్గుపాలతో అబ్బింది. గూడూరు సంతకు మిర్చి తీసుకుపోయిన రోజున మా అమ్మ కాంటా ముల్లు కేసి చూసేది కాదు, తూకం వేసే సేటు మోకాలి కేసి చూసేది. ముల్లుకు అబద్ధం రాదు, మోకాలే దానికి నేర్పుతుందని ఆమె నమ్మకం. సేటు కసురుకునేవాడు, పక్కనున్న ఆడవాళ్లు నవ్వేవాళ్లు. అమ్మ మాత్రం కదిలేది కాదు. జడ్జినయ్యాక నేనూ బెంచి మీద కూర్చుని ఆ పనే చేస్తున్నాను. సాక్షి మాట్లాడుతుంటే సాక్షి మొహం కంటే, అతన్ని తీసుకొచ్చిన వకీలు మొహం ఎక్కువ చూస్తాను.

మాది అడవి అంచున ఒక లంబాడీ తండా. ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు. ఒక పరీక్షలో తెలుగులో క్లాసు మొత్తంలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. మా సారు మెచ్చుకోలేదు సరికదా, తన కుర్చీ పక్కన నేల మీద కూర్చోబెట్టి పరీక్ష మళ్లీ రాయించాడు. మళ్లీ అన్నే మార్కులు వచ్చాయి. "ఎట్ల రాసినవే?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు, అదే నాకు ఎక్కువ మండింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మహబూబాబాద్‌లో నల్లకోటు వేసుకుని ప్రాక్టీసు మొదలుపెడితే, వచ్చిన కక్షిదారులు కేసు కాగితాలు సంచిలోంచి తీయకుండానే "పెద్ద వకీలు ఎప్పుడొస్తడు బిడ్డా?" అని అడిగేవారు. జడ్జి పరీక్ష పాసయ్యాక నేను బార్ రూములో అడుగుపెడితే ఏదో ఒక మాట సగంలో ఆగిపోయేది. ఆ సగం మాట ఏమిటో నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. మొదటి పోస్టింగు భూపాలపల్లి. కాటారం నుంచి బస్సులో వచ్చిన ఒక పెద్దమనిషి, కుర్చీలో కూర్చున్న నన్ను చూస్తూనే, "జడ్జి సాబ్ ఇంక రాలేదా?" అని కోర్టు డఫేదారును అడిగాడు. డఫేదారు నా వైపు చేయి చూపించాడు. పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి వాయిదా కావాలన్నాడు. ఇచ్చాను. ఆ రోజంతా ఒళ్లు మండుతూనే ఉంది.

ఇంటికి పోతే ఇంకో రకం. మేము మా వాళ్లను గోర్ అంటాం, బయటివాళ్లను కోర్ అంటాం. సెలవులకు తండాకు పోయినప్పుడు నేను గ్లాసుకు నోరు తగలకుండా నీళ్లు తాగడం చూసి, మా పెద్దమ్మ నేను కోర్ అయిపోయానని తేల్చేసింది. అటు వాళ్లు నన్ను తండా మనిషని అనుమానిస్తారు, ఇటు వీళ్లు కాదని అనుమానిస్తారు. అందుకని నేను ఇద్దరినీ అనుమానించడం అలవాటు చేసుకున్నాను. అలా ఉంటే మనసుకు కాస్త తెరిపిగా ఉండేది.

జనగామకు బదిలీ అయ్యాక ఒకదానికొకటి ఎదురు కేసులు రెండు నా ముందుకు వచ్చాయి. పక్కపక్క ఇళ్లవాళ్లు. ఒకామె ముస్లిం, నలభై దాటి ఉంటాయి, ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. రెండో అతను ఆటో నడుపుతాడు, లింగాల ఘనపూర్ వైపు తండా నుంచి వచ్చి జనగామలో స్థిరపడ్డాడు. బట్టలు ఉతికిన నీళ్లు తన వాకిట్లోకి వస్తున్నాయని అతను ఆమెను తోశాడు, ఆమె మణికట్టు వాచింది. ఆమె ఠాణాకు వెళ్లింది. సాయంత్రానికి అతనూ వెళ్లి, ఆమె తనను చెంబుతో కొట్టిందని రాయించాడు. కేసుకు కౌంటర్ కేసు మా వైపు మామూలే. అలా ఒక కేసులో ఆమె ఫిర్యాది, ఇంకో కేసులో నిందితురాలు. రెండూ ఒకే రోజు, నా కోర్టులోనే.

అతను లోపలికి వస్తూనే చేతులు జోడించి "రాం రాం యాడీ" అన్నాడు. యాడి అంటే మా భాషలో అమ్మ. హాలులో గుసగుసలు ఆగిపోయాయి. వకీళ్లందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఇదేదో కావాలనే చేశాడని నాకు అనుమానం వచ్చింది. "కోర్టులో తెలుగులో మాట్లాడండి," అన్నాను.

మొదట పిలిచింది ఆమె నిందితురాలిగా ఉన్న కేసు. ఆమె వకీలు ఇంకో కోర్టులో ఉన్నాడట, తన జూనియర్‌ను పంపాడు. నేను అభియోగం చదివాను. మా కోర్టు తెలుగు ఎలా ఉంటుందో తెలిసిందే, ఒక్కో వాక్యం గూడ్సు బండిలా సాగుతుంది. చివర్లో అడగాల్సింది అడిగాను: "ముద్దాయిగా, జరిగిన నేరాన్ని మీరు ఒప్పుకుంటున్నారా?"

ఆమె కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, గట్టిగా చెప్పింది.

"జరిగింది సాబ్. ఒప్పుకుంటున్న. ముద్దయిని నేనే."

చెప్పి నవ్వింది కూడా. బడిలో జవాబు సరిగ్గా చెప్పిన పిల్ల మొహంలా ఉంది ఆమె మొహం.

ప్రాసిక్యూటర్ పెన్ను మూత పెట్టేశాడు. టైపిస్టు వేళ్లు అప్పుడే కదులుతున్నాయి. నేరం ఒప్పుకుంటే కేసు అక్కడితో అయిపోతుంది, అందరికీ ఒక పని తగ్గుతుంది. కానీ నేరం ఒప్పుకునే మనిషి అలా నవ్వదు. నేను జూనియర్ వైపు చూశాను, అతను నేల చూస్తున్నాడు. వెనక బెంచీలో ఆటో అతను హాయిగా కూర్చుని ఉన్నాడు. నాలో మా అమ్మ లేచింది. వీళ్లిద్దరి మధ్య ఏదో నడిచింది, ఈమెను ఎవరో మాటలు నేర్పి పంపారు అనుకున్నాను. టైపిస్టును ఆపమన్నాను.

"గట్ల చెప్పమని నీకు ఎవరన్నా చెప్పిన్రా అమ్మా?" అని అడిగాను. మర్యాద కోర్టు భాష నోట్లోంచి జారిపోయింది.

"చెప్పిన్రు సాబ్."

హాలులో చిన్న కదలిక. జూనియర్ తలెత్తాడు. నాకు లోపల ఒక రకమైన సంతోషం కూడా కలిగింది, దాచుకోను. దొంగ దొరికినట్టే అనుకున్నాను.

"ఎవరు?"

"మా అబ్బా. కోర్టుల భయపడకు బేటా, ముద్దయిని నేనే అని గట్టిగ చెప్పు అన్నడు."

తండ్రి! కూతురితో నేరం ఒప్పించే తండ్రి ఎవడు? నా అనుమానం ఇప్పుడు ఆ ముసలాయన మీదికి పోయింది. "ఒప్పుకుంటే ఏమైతదో ఎరుకేనా నీకు?" అన్నాను.

"ఏమైతది సాబ్? నేను హాస్టల్ల వంట చేస్త. శిక్ష పడితే మళ్ల రావద్దని వార్డెన్ మేడం చెప్పింది. గని శిక్ష నాకెందుకు పడ్తది? పడితే ఆయనకు పడాలె."

"ముద్దాయివి నువ్వే అంటివి గదా?"

"అవు. దెబ్బ తిన్నది నేను. ఠాణాకు పోయింది నేను. ముద్దయిని నేను గాక ఆయనైతడా?"

కోర్టు మొత్తం నవ్వింది. ప్రాసిక్యూటర్ కూడా నవ్వాడు. నేను మాత్రం ముద్దయి అన్న ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మహబూబాబాద్‌లో నాకు పని నేర్పిన సీనియర్‌కు ఉర్దూ వచ్చు. పాత ఫైళ్లు తిరగేస్తూ ఆయన ఒకసారి చెప్పిన సంగతి అప్పుడు తట్టింది. ఉర్దూలో ముద్దయి అంటే దావా వేసినవాడు. నిజాం కాలపు కోర్టుల్లో అదే మాట. ఆ మాటే తెలుగులోకి వచ్చి ఒక దీర్ఘం తగిలించుకుని, అర్థం తలకిందులై, నిందితుడికి అంటుకుంది. ఆమె తండ్రి తన భాషలో చెప్పాడు. ఆమె తండ్రి మాటే చెప్పింది. మేమేమో మా దీర్ఘంతో విన్నాం. ఆమె ఉద్యోగం ఆ దీర్ఘం మీద వేలాడుతోంది.

నేను అభియోగం మళ్లీ చెప్పాను, ఈసారి ఇంట్లో మాట్లాడినట్టు. "నువ్వు ఆయనను చెంబుతోని కొట్టినవని ఈ కేసు. కొట్టినవా?"

"అయ్యో, లేదు సాబ్!" ఆమె మొహం పాలిపోయింది. "మరి మా అబ్బా తప్పు చెప్పిండా?"

"తప్పు చెప్పలే. ఆయన బాషల గది ఒప్పే. ఈ కోర్టుల మాత్రం ఆ మాట ఇంక అనకు."

నేరం ఒప్పుకోలేదని రాయించాను. ఆమె బోనులోంచి దిగుతూ రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆ రోజు ఇంటికి పోయి నాకు నేనే టీ పెట్టుకుని, చాలా రోజుల తర్వాత తృప్తిగా తాగాను.

తృప్తి ఎక్కువ రోజులు నిలవలేదు. మేడం డిఫెన్సు వకీలు పని కూడా తనే చేస్తోందని బార్ రూములో అనుకున్నారట. తండా నుంచి మా చిన్నాయన ఫోను చేసి, మనవాడి వైపు కనీసం చూడలేదట కదా అని నిష్ఠూరమాడాడు. ఇవన్నీ నాకు అలవాటే, ఒక చెవితో విని వదిలేశాను. అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. ఆ వంటమనిషే పెద్ద జడ్జి గారి కోర్టులో అర్జీ పెట్టింది, తన కేసులు నా దగ్గర్నుంచి మార్చమని. కేసు వింటున్న జడ్జి గారిది అవతలి మనిషి కులమే, వాళ్లిద్దరిదీ ఒకే భాష, న్యాయం జరుగుతుందన్న నమ్మకం లేదు అని.

చదివి నా ఒళ్లు భగ్గుమంది. నేను ఆపకపోతే ఆ రోజే ఆమె బతుకుతెరువు పోయేది! ఈ ఆలోచన వకీలుదే అని కొట్టిపారేద్దామనుకున్నాను. తర్వాతి వాయిదాకు ఆమె వచ్చింది. అడగకూడదు, అయినా అడిగేశాను.

"నా మీద నమ్మకం లేదా అమ్మా?"

ఆమె వకీలు కంగారుగా లేచాడు. ఆమె మాత్రం బెదరలేదు.

"మీరు మంచోళ్లు సాబ్. నన్ను కాపాడిన్రు, మరువను. గని ఆయన మీ బాషల దండం పెడితే మీరు నవ్విన్రు."

"తెలుగులో మాట్లాడమన్నాను గదా."

"అన్నరు. నవ్వుకుంట అన్నరు."

నేను కాదనబోయాను. అన్నేళ్లలో కోర్టులో నన్ను ఎవరూ నా భాషలో పలకరించలేదు. కావాలనే చేశాడని నా బుర్ర అనుమానిస్తూనే ఉంది, ఈలోగా నా మొహం తన పని తాను చేసుకుపోయింది. నాకు తెలియలేదు. నల్లకోట్లవాళ్లు ఎవరూ అది పట్టుకోలేదు, లేదా పట్టుకుని ఊరుకున్నారు. అందరి మొహాలూ కనిపెడుతున్నాననే గర్వంలో, నా మొహం కూడా ఒకరు కనిపెడుతున్నారని నాకు తోచలేదు. సిగ్గేసింది. ఆ పలకరింపు తీపి ఇంకా నాలో ఉన్నందుకు బాధ కూడా వేసింది.

అర్జీ మీద నా అభిప్రాయం చెప్పమని పై నుంచి వచ్చింది. అభ్యంతరం లేదని రాశాను. పెద్ద జడ్జి గారు ఫోను చేశారు. ఆయన నా మేలు కోరేవారే.

"అలా రాస్తే పక్షపాతం ఒప్పుకున్నట్టు ఉంటుందమ్మా. ప్రమోషన్ల సమయం. ఆమె చెప్పేది అబద్ధమని ఒక్క ముక్క రాయండి, అర్జీ కొట్టేస్తాను."

భయం వేసింది. కోటా మనిషి ఎలాగూ ఇంతే అనడానికి కాచుకుని ఉన్నవాళ్ల మొహాలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"అబద్ధం కాదు సార్. నవ్వాను," అన్నాను.

ఆయన సరేనని ఫోను పెట్టేశారు. ఆ సంవత్సరం ప్రమోషన్ రాలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు, ఉందనే నా అనుమానం.

కేసులు అదే ఆవరణలో ఇంకో కోర్టుకు పోయాయి. ఆమెపై పెట్టిన కేసు నిలవలేదు, కొట్టేశారు. తీర్పు వచ్చిన రోజు భోజన విరామంలో వరండాలో ఎదురుపడింది. నన్ను చూసి తప్పుకోబోయి, ఆగింది.

"నారాజ్ ఐన్రా సాబ్ నా మీద?"

"లేదు. నీ జాగల నేనున్నా గదే చేస్తుంటి."

నిజంగానే అంటున్నానో, మాటవరసకు అంటున్నానో అన్నట్టు ఆమె నా మొహం వంక చాలాసేపు చూసింది. తేల్చుకుందో లేదో నాకు తెలియలేదు. హాస్టల్లో పిల్లలు ఆకలితో ఉంటారు, రాత్రి కూరకు ఉల్లిగడ్డలు తరగాలని చెప్పి, బస్‌స్టాండు వైపు వెళ్లిపోయింది.