ఖాళీ కుర్చీ లేని బొజ్జన్న

మా బొజ్జన్న చిన్నాయన లెక్కలో ఈ భూమ్మీద ఖాళీ కుర్చీ అనేదే లేదు. మన కంటికి ఖాళీగా కనిపించే ప్రతి కుర్చీలోనూ పోయినవాళ్ళు ఎవరో ఒకరు కూర్చునే ఉంటారని ఆయన నమ్మకం. ఈ నమ్మకం ఇంకెవరికైనా ఉంటే పోనీలే అనుకోవచ్చు. మైదుకూరులో శామియానాలు, కుర్చీలు బాడుగకిచ్చే మనిషికే ఉంటే ఊరు గతేం కావాలి?

ఒకసారి కమలాపురంలో పెళ్ళి. పెళ్ళికొడుకు మేనమామ ముందు వరసలో కూర్చోబోతే చిన్నాయన పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"రోంత ఆగప్పా. ఆయన లేచినాక కూచ్చుందువు."

"ఈడెవురూ లేరు గదప్పా!"

"నీకట్ల కనిపిస్తాంది."

అంతే, మేనమామ కూర్చోలేదు. పక్కవాళ్ళు లేచారు. వెనక వరసవాళ్ళూ మెల్లగా లేచారు. తాళి కట్టేదాకా పెళ్ళికి వచ్చినవాళ్ళంతా నిలబడే ఉన్నారు. కుర్చీలు మాత్రం హాయిగా కూర్చున్నాయి.

అలాంటి మనిషి చేతిలో నేను పడ్డాను. కర్నూలులో ఒక విశ్వవిద్యాలయం నుంచి, చరిత్ర శాఖలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. చదువంటే భయం లేదు, పిల్లల ముందు పాఠమంటే భయం లేదు. పెద్దవాళ్ళు వరసగా కూర్చుని నావైపు చూస్తేనే భయం. అంతకుముందు రెండు చోట్ల "మీ పేరు?" అనగానే గొంతు పట్టుకుపోయింది. నేను చేస్తున్న గెస్టు లెక్చరర్ పని ఆ ఏటితో ఆఖరు. ఈసారీ పోతే ఇక పాఠం చెప్పే బతుకు నాకు లేనట్టే.

"ఇంతేనా జ్యోతీ? మనమే ఒక ఇంటర్వ్యూ బోర్డు పెడదాం. అందరినీ కుదర్చాల, నాల్గు దినాలు ఆగు" అని చెప్పి చిన్నాయన ఊళ్ళో లేకుండా పోయాడు. తిరిగొచ్చాక కబురు పెట్టాడు, మిట్టమధ్యాహ్నం గోడౌనుకు రమ్మని.

మా వైపు ఏప్రిల్ మధ్యాహ్నం కుక్క కూడా వీధిలోకి రాదు. గాలి సోకే వేళని అమ్మ గడప దాటనివ్వదు. ఆమె కన్నుగప్పి వెళ్ళాను. రేకుల గోడౌనులో, మడతపెట్టిన శామియానాల మధ్య, ఇనుప కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఒక్కో కుర్చీ ముందు మంచినీళ్ళ గ్లాసు. చిన్నాయన వంగి దండాలు పెడుతూ పరిచయాలు మొదలుపెట్టాడు.

"ఈయప్ప తాసిల్దారు వెంకటేశ్వర్లు, శానా కోపిష్టి. నడిమధ్య టీచరమ్మ సుబ్బరత్నమ్మ, బోర్డుకు పెద్ద. ఆ కడన ఉండేది కంబన్న. ఏమీ అడగడు, ఊరికే నవ్వుతాడు."

"వీళ్ళంతా..."

"పోయినోళ్ళే. నీ సబ్జెక్టు చరిత్ర గదా? సచ్చినోళ్ళకు చెప్పలేనిదానివి బతికినోళ్ళకేం చెప్తావు?"

నాకు నవ్వొచ్చింది. అది ఎక్కువసేపు నిలవలేదు. ఆ రేకుల కింద ఇనుమంతా కాలిపోతోంది. సుబ్బరత్నమ్మగారి కుర్చీ మీద పొరపాటున చెయ్యి వేస్తే మంచులా తగిలింది.

"చెయ్యి తీ పాపా, ఆయమ్మకు నచ్చదు" అన్నాడు చిన్నాయన, ఇటు చూడకుండానే.

తీశాను.

"టీచరమ్మ అడుగుతాండాది. నీ క్లాసుకు ఒక్కరే వస్తే పాఠం చెప్తావా, ఇంటికి పంపుతావా?"

"హాజరు నిబంధనల ప్రకారం..."

కుర్చీ కిర్రుమంది. గోడౌనులో గాలి లేదు. మేమిద్దరం కదల్లేదు.

"మొగం తిప్పుకునింది. పుస్తకం మాట వద్దు, నీ మాట చెప్పు."

"ఒక్కరొచ్చినా చెప్తానమ్మా. ఆ ఒక్కరూ నందికొట్కూరు నుంచి తొలి బస్సెక్కి వచ్చుంటారు" అన్నాను, చెమటలు తుడుచుకుంటూ.

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. "ముందుకు వంగి వింటాండాది!" అన్నాడు చిన్నాయన సంబరంగా.

తరువాత తాసిల్దారు వంతు. సీమ చరిత్ర చదివితే సీమకేం ఒరుగుతుందని ఆయన గద్దించాడు. ఇంటర్వ్యూ దాకా రోజూ ఇదే పని. ఒకనాడు తాసిల్దారు ముందున్న గ్లాసులో నీళ్ళు సగానికి తగ్గాయి. ఎండకు ఆరిపోయాయని నాకు నేనే చెప్పుకున్నాను.

కర్నూలులో అసలు బోర్డు ముందు కూర్చున్నాను. మధ్యలో ఉన్న పెద్దావిడ కళ్ళద్దాల పైనుంచి చూసి అడిగింది. "మీ క్లాసుకు ఒకే ఒక్క విద్యార్థి వస్తే పాఠం చెప్తారా, ఇంటికి పంపుతారా?"

టీచరమ్మ ప్రశ్నే! చెప్పాను. పక్కాయన సీమ చరిత్ర వల్ల సీమకేం లాభమని అడిగాడు. అదీ చెప్పాను. చచ్చినవాళ్ళ ముందు తెరిచిన నోరు బతికినవాళ్ళ ముందు మూతపడలేదు. ఉద్యోగం వచ్చింది.

చేరిన రోజు గేటు దగ్గర వాచ్‌మన్ నెహెమ్యా "ఏ ఊరమ్మా?" అన్నాడు. మైదుకూరన్నాను.

"అట్లయితే కుర్చీల బొజ్జన్న తెలుసునా? మీకు ముందు లెక్కల సార్లవీ తెలుగు సార్లవీ ఇంటర్వ్యూలు జరుగుతాంటే, ఆటోలో కుర్చీలు తెచ్చి ఈడ శామియానా ఏసినాడమ్మా, ఎండలో కాసుకోనుండేటోళ్ళకు. బయటికొచ్చి ఏడ్సేటోళ్ళకు మజ్జిగిచ్చి, లోపల ఏమడిగిరి నాయనా అని కనుక్కునేటోడు. ఆ పెద్దమ్మ ఒక్కరొస్తే పాఠం చెప్తావా అంటాదంట, పక్కాయన నీ చదువుతో సీమకేం లాభమంటాడంట, అందరినీ అవే."

"కుర్చీల్లో ఎవరైనా ఉన్నారన్నాడా?" అన్నాను అనుమానంగా.

"లేదే! వచ్చినోళ్ళనంతా కూచ్చోండి కూచ్చోండి అనె."

నాకు నవ్వూ వచ్చింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. అక్కడే నిలబడి ఫోను చేశాను.

"దొంగ చిన్నాయనా! నాతో ఎందుకు చెప్పలేదు?"

"బతికినోళ్ళు అడిగేవని చెప్పింటే ఆపొద్దే నీ గొంతు పట్టుకునేది."

"అయితే నీ కుర్చీల్లో ఎవరూ లేరన్నమాట."

"నేనెప్పుడంటి అట్ల? సరే పాపా, శేషన్న వచ్చినాడు, ఆయాసపడతాండాడు. కుర్చీ ఏయాల."

శేషన్న మా వీధిలో పాలు పోసే ముసలాయన. పోయిన నెలలోనే పోయాడు. ఫోనులో ఇనుప కుర్చీ విప్పిన చప్పుడు వినిపించింది. ఎవరో బరువుగా కూలబడ్డారు. ఆ వెనకే ఒక దగ్గు. చిన్నాయన దగ్గు నాకు తెలుసు, అది ఆయనది కాదు.

ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"చిన్నాయనా, శేషన్నకు నా ఉద్యోగం సంగతి చెప్పు" అన్నాను.

"చెప్పినా పాపా. శానా సంతోషపడినాడు."