ఐదో డ్రమ్ము

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆవిడకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని నాకు అన్నం వడ్డిస్తున్నప్పుడు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. దీన్ని ధైర్యం అనరని నాకు తెలుసు.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. మిరప, పత్తి వేస్తాను. అక్కను గుంటూరులో ఇచ్చాం. బావ బ్యాంకు ఉద్యోగి. మాటలు తక్కువ, కోపం ఇంకా తక్కువ. ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే, ఉప్పునీటి తొట్టి. అందరి హాళ్లలో ఉండే బంగారు చేపల తొట్టి కాదు. సముద్రం అడుగున పగడాలు, చేపలు కలిసి ఉంటాయి చూడండి, దాన్నంతా రెండడుగుల అద్దాల తొట్టిలో పెంచాడు. తెల్ల చారల నారింజ చేపల జంట, ఎర్ర చారల రొయ్యలు రెండు, రాళ్లకు అతుక్కుని పూలలా విచ్చుకునే పగడాలు. బొటనవేలంత తెచ్చిన పగడం నాలుగేళ్లలో అరచెయ్యంత అయింది. బ్యాంకు నుంచి రాగానే చొక్కా కూడా మార్చకుండా దాని ముందే కూర్చునేవాడు. "నాకు సవతి ఉందిరా, అద్దాల మేడలో ఉంటది" అని అక్క వేళాకోళం చేసేది. పగలంతా ఆ సవతికి వేళకి మేత వేసేది మాత్రం అక్కే.

అక్క గురించి ఒక సంగతి చెప్పాలి. ఆమె చెయ్యి మంచిదని మా ఇంట్లో పేరు. ప్రతి ఏడూ మిరప నారుమడిలో మొదటి గుప్పెడు విత్తనం నాన్న ఆమె చేతే చల్లించేవాడు. పెళ్లయి వెళ్లాక కూడా ఆ రోజుకి గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చేది. నాన్న పోయాక నేనూ ఆ పద్ధతే ఉంచాను. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, తూర్పుకు తిరిగి, విత్తనం విసిరేటప్పుడు ఆమె ముఖంలో ఒక గర్వం కనపడేది.

పగడాలు పెరిగి ఇరుకైపోయాయని బావ ఐదడుగుల తొట్టి చేయించాడు. అంత తొట్టికి నీళ్లెక్కడివి? మామూలుగా ఆయన ప్యాకెట్ ఉప్పు కొలిచి కలుపుకునేవాడు. "వాడరేవు మాకెంత దూరం బావా, సముద్రపు నీళ్లే తెస్తాను" అని నేనే మాటిచ్చాను. ఎందుకిచ్చాను? చదువు మధ్యలో మానేసిన బావమరిదిని. ఆయన నన్ను ఎప్పుడూ ఒక పని అడిగింది లేదు. మొదటిసారి ఆయనకు నా అవసరం పడిందని పొంగిపోయాను.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. డ్రమ్ములు కొత్తవి కొనమన్నాడు. పొలం డ్రమ్ములు వద్దన్నాడు, ఎంత కడిగినా వద్దన్నాడు.

చీరాలలో ఐదు కొత్త డ్రమ్ములు కొన్నాను. పడవ వాళ్లు అలలు దాటి లోపలికి వెళ్లి తేటనీళ్లు తెచ్చి పోశారు. ట్రాలీ ఆటోలో ఎక్కించేటప్పుడు చూస్తే ఒక డ్రమ్ము అడుగున పగులు. నీళ్లు సన్నగా కారిపోతున్నాయి. ఎందుకైనా పనికొస్తుందని ఆటోలో వేసుకొచ్చిన నా పొలం డ్రమ్ము పక్కనే ఉంది. మిరపకు తామర పురుగు మందు కలిపే డ్రమ్ము అది. రెండు రోజుల ముందే సబ్బుపొడి వేసి, చింతపండు వేసి మూడుసార్లు తోమి ఎండబెట్టాను. మా వైపు అందరం చేసే పనే. అలా కడిగిన డ్రమ్ముల్లో నీళ్లు పట్టి గేదెలకు పెడతాం, మేమూ స్నానాలు చేస్తాం. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి కాదనుకున్నాను. చీరాల ఊళ్లోకి తిరిగి వెళ్లి ఇంకో డ్రమ్ము కొనుక్కురావడానికి గంట పట్టేది. ఆ గంట నేను పెట్టలేదు. పగిలిన దాంట్లో నీళ్లు ఆ పొలం డ్రమ్ములోకి మార్పించాను.

దారిలో బావ ఫోన్ చేశాడు. "డ్రమ్ములన్నీ కొత్తవేగా?" అన్నాడు. "కొత్తవే బావా" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాం. ఒకదాని తర్వాత ఒకటి ఏం చెయ్యాలో బావ కాగితం మీద రాసుకున్నాడు. పాత నీళ్లు రెండు పెద్ద టబ్బుల్లోకి తోడాం. రాళ్లు, పగడాలు గాలి తగలకుండా నీళ్లలోనే ఉంచి మార్చాం. చేపల్ని చివర్లో పట్టాడు. కొత్త తొట్టిలో నీళ్లు పోసే పని నాది. నాలుగు డ్రమ్ములు పోశాను. ఐదో దాని మూత తియ్యగానే వాసన వచ్చింది. సన్నగా, ముక్కుకు తగిలీ తగలనట్టు. సముద్రపు వాసనేలే అనుకున్నాను. కాదు, అబద్ధం. అలా అనుకోవాలని గట్టిగా ప్రయత్నించాను. పదిహేనేళ్లుగా ఆ మందు కొడుతున్నవాడికి ఆ వాసన తెలియదా? తెలిసే పోశాను. మోటారు పెట్టి నీళ్లన్నీ కలియతిప్పి, ఉప్పు శాతం కొలిచి, వేడి సరిచూసి, చేపల్నీ మిగతావాటినీ విడిగా బకెట్లలోకి తీసి సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా కొత్త నీళ్లు అలవాటు చేసి, మూడు గంటల తర్వాత బావ వాటిని లోపలికి వదిలాడు. చంటిబిడ్డకు నీళ్లు పోసే మనిషిలా ఉన్నాడు ఆ మూడు గంటలూ.

అప్పుడు అక్క పళ్లెం పట్టుకుని వచ్చింది. కొత్తగా బోరులో నీళ్లు పడితే మా ఆడవాళ్లు గంగమ్మకు పసుపు కుంకుమ వేస్తారు. ఇంట్లోకి సముద్రమే వస్తే ఊరుకుంటుందా? అద్దానికి బొట్టు పెట్టింది, హారతి ఇచ్చింది, చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ నీళ్లలో వేసి "చల్లగా చూడమ్మా" అని దణ్ణం పెట్టింది. బావ అయ్యో అన్నాడు గానీ నవ్వుతూనే అన్నాడు. ఫొటో కూడా తీశాడు.

మూడున్నరకి రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. కాళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కొత్త చోటు కదా, సర్దుకుంటాయిలే అన్నాడు బావ. నాకు తెలిసిపోయింది. మందు కొట్టిన అరగంటకి మిరపాకు మీద పురుగు అచ్చం అలాగే కొట్టుకుంటుంది. పురుగును చంపే మందు రొయ్యను వదులుతుందా?

ఇక్కడే నేను ఆగిపోతుంటాను, ఈ తొమ్మిదేళ్లలో ఎప్పుడు తలుచుకున్నా. పాత నీళ్లు ఇంకా వరండాలో టబ్బుల్లోనే ఉన్నాయి. చేపలు అప్పటికి బాగానే తిరుగుతున్నాయి. బావా, తప్పయిపోయింది, నీళ్లలో మందుంది, తీసెయ్ అని ఒక్కమాట అని ఉంటే వాటిని ఐదు నిమిషాల్లో వెనక్కి మార్చేవాళ్లం. రొయ్యలు పోయేవి, మిగతావి బతికేవి. నన్ను ఆయన ఏమనేవాడు? ఏమీ అనేవాడు కాదు. ఒకసారి చూసి ఊరుకునేవాడు. ఆ ఒక్క చూపుకి భయపడి నేను నోరు మూసుకున్నాను. పొలానికి నీళ్లు పెట్టాలని చెప్పి సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

మర్నాడు ఉదయం అక్క ఏడుస్తూ ఫోన్ చేస్తే మళ్లీ వెళ్లాను. చేపలు రెండూ పైన తేలుతున్నాయి. పగడాలు ముడుచుకుపోయి, బూడిద రంగు జిగురు కారుతున్నాయి. హాలంతా కుళ్లు వాసన. బావ బనీనుతో నిలబడి ఒక్కొక్కదాన్నే చిన్న వలతో తీసి బకెట్లో వేస్తున్నాడు. అక్కవైపు చూడకుండా అన్నాడు: "ఆ చిటికెడు వెయ్యకపోతే ఏమయ్యేది? కుంకుమలో ఏమేం కలుపుతారో ఎవరికి తెలుసు." అంతే. జీవితంలో ఆయన ఆమెను అన్న గట్టిమాట అదొక్కటే అనుకుంటాను.

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఒరేయ్, నువ్వన్నా చెప్పరా. రోజూ మందులతో ఉండేవాడివి, నీకు తెలుస్తది. నేనేసిన పసుపు కుంకుమకే పోయినయ్యా?"

"అయ్యుండొచ్చక్కా. ఉప్పునీళ్ల ప్రాణులు గదా, సున్నితం."

నేను అన్న మాట అదే, అక్షరం మార్చలేదు. తెలియదని అన్నా సరిపోయేది. తెలియదని కూడా అనలేకపోయాను. ఎందుకంటే తెలియదంటే వాళ్లు వెతుకుతారు, వెతికితే డ్రమ్ము దాకా వస్తారు. నేను డ్రమ్మును దాచుకోవడానికి అక్కను అడ్డం పెట్టాను.

బావ మళ్లీ తొట్టి పెట్టలేదు. అద్దాలు ఎవరికో ఇచ్చేశాడు. ఆయన ఆ సంగతి మర్చిపోయాడనే అనిపిస్తుంది, లేదా మర్చిపోయినట్టు ఉంటున్నాడు. అక్క మర్చిపోలేదు. ఆ ఏడు నారుమడికి రమ్మంటే ఒంట్లో బాగాలేదంది. పై ఏడూ అదే. మూడో ఏడు నేను పిలవలేదు. పిలవకపోతే హాయిగా ఉందనిపించింది, చూడండి నా బుద్ధి.

తర్వాత నాకు కూతురు పుట్టింది. బారసాల రోజు బిడ్డను ఉయ్యాలలో వేసే హక్కు మేనత్తది. నాకున్నది ఒక్కతే అక్క. కొత్త చీర కట్టుకుని, బిడ్డకు వెండి మొలతాడు తెచ్చి, పొద్దున్నుంచీ తనే ఇల్లంతా సర్దింది. ఉయ్యాల దగ్గరికి రమ్మని అందరూ పిలిచేసరికి గుమ్మం దగ్గర ఆగిపోయింది. రెండు చేతులూ పైటచెంగులో చుట్టేసుకుంది. "నా చెయ్యి వద్దురా. పసిపిల్ల. అమ్మ చేత వేయించండి" అంది. మా ఆవిడకు అర్థం కాలేదు. అమ్మ మందలించింది. బావ తల దించుకున్నాడు. అక్క నావైపు చూసింది. ఎందుకో నీకు తెలుసు కదా, నువ్వన్నా వీళ్లకు చెప్పు అన్నట్టు చూసింది. నా తప్పును తన తప్పని చెప్పడానికి అక్క నన్నే సాయం అడుగుతోంది. నేనేం చేశాను? "పోనీలే అమ్మా, నువ్వే వెయ్యి" అన్నాను. పాటలు మొదలయ్యాయి. అక్క గుమ్మంలోనే నిలబడి, అందరితో పాటు పాడుతూ, కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు బయటికి తియ్యలేదు.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది? ఆమె నన్ను క్షమిస్తుంది, నాకు తెలుసు. క్షమించి, ఆ తర్వాత ఏళ్లన్నీ లెక్కపెట్టుకుంటుంది. అందుకే చెప్పడం లేదని కొన్నిసార్లు నాకు నేను నచ్చజెప్పుకుంటాను. అదీ అబద్ధమే. నాకు భయం, అంతే. పిల్లకు ఇప్పుడు ఏడేళ్లు. రాసేశాక గుండె కొంచెం తేలికపడిందంటే మీకు కోపం రావచ్చు. తేలికపడింది మరి. ఆ తేలికకు నేను తగను.

మా అక్క వేసిన పసుపు కుంకుమకు ఆ తొట్టిలో ఒక్క ప్రాణీ పోలేదు. ఐదో డ్రమ్ములో మందు ఉంది. ఆ సంగతి నాకు ఆ శుక్రవారమే తెలుసు.