ఓడల మేస్త్రి పెరడు

మా మరిది కాలవల శాఖలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి మొన్ననే పింఛను పుచ్చుకున్నాడు. పుచ్చుకున్న దగ్గర నుంచీ మనిషికి నిద్ర లేదు, తిండి మీద ధ్యాస లేదు, పలకరిస్తే విసుగు. రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, గుండె చూసి, సీసా మందేదీ ఇవ్వకుండా, ఇంటి వెనక నాలుగు మొక్కలు వేసుకుని పొద్దునా సాయంత్రం నీళ్లు పోసుకోమని చెప్పి పంపించాడట. మరిది ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఒకటే నవ్వు. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను మాత్రం నవ్వలేక, చేస్తున్న వత్తులు పళ్లెంలో వదిలేసి లోపలికి వెళ్లిపోయాను. ఎందుకో ఇంట్లో చిన్నవాళ్లకి చెబితే తెలియదు. నరసాపురం రేవులో ఓడలు కట్టిన రోజులు ఎరిగినవాళ్లు, నా ఈడువాళ్లు, ఎవరైనా ఇది చదివితే వాళ్లకి తెలుస్తుంది.

మా పుట్టిల్లు నరసాపురంలో గోదావరి ఒడ్డునే ఉండేది. నాన్న ఓడల మేస్త్రి. ఎగువ అడవుల నుంచి టేకు దుంగలు తెప్పలుగా ఏటివాలున వచ్చేవి. వాటిని ఒడ్డుకు లాగించి, కోయించి, పలక పక్కన పలక పేర్చి, సందుల్లో నారా గుగ్గిలమూ కూరించి, సముద్రం దాటి బర్మాలో రంగం దాకా పోయే ఓడలు కట్టించేవారు నాన్న. రేవులో ఎంతమంది పనివాళ్లు బాడిసలతో కలప చెక్కుతున్నా, అమ్మ పొయ్యి దగ్గర కూర్చునే ఏ దెబ్బ ఆయనదో చెప్పేది. ఓడని నీళ్లలోకి దింపేనాడు కొబ్బరికాయలూ మేళాలతో ఊరంతా రేవులోనే ఉండేది. ఆయన మాత్రం తలపాగా విప్పి భుజాన వేసుకుని, దూరంగా నిలబడి, పెళ్లిపిల్లని అత్తారింటికి పంపే తండ్రిలాగా చూసేవారు.

తరవాత పొగ ఓడలు వచ్చాయి. గాలి ఉన్నా లేకపోయినా చెప్పిన రోజుకి చెప్పిన చోటికి చేరతాయని షావుకార్లు సరుకంతా వాటికే అప్పగించడం మొదలుపెట్టారు. కొత్త ఓడ కట్టించేవాళ్లు తగ్గారు, పాత ఓడలకి మరమ్మత్తులు చేయించేవాళ్లు కూడా తగ్గారు, చివరికి రేవులో రంపం చప్పుడే లేకుండా పోయింది. అప్పటికి నాకు పెళ్లయి, రాజమండ్రిలో బడిపంతులు గారి ఇల్లాలినై, మావారి దగ్గర అక్షరాలు దిద్దుకుంటున్నాను. మొదటి పురిటికి పుట్టింటికి వచ్చేసరికి నాన్న మునుపటి మనిషి కాదు. గాలి నిండిన తెరచాపలా నిక్కి నడిచే మనిషి అరుగు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. కుడిచెయ్యి వణుకుతోంది. ఎదురుగా అన్నం పెడితే రెండు ముద్దలు కలిపి లేచిపోతారు. అంతకుముందు అమ్మ మీద చిన్న విషయానికి కూడా గొంతు పెంచని మనిషి, గిన్నె జారితే చాలు, మీదికి లేచేవారు. ఆ తరవాత సిగ్గుపడి గోడవైపు తిరిగి పడుకునేవారు. వైద్యులు లేహ్యాలు ఇచ్చారు, తైలాలు పట్టించారు. నాన్నకి ఏ మందూ గుణం ఇవ్వలేదు.

తోట మొదలైంది ఒక పందిరి వల్ల. పెరట్లో అమ్మ వేసిన ఆనపపాదు నేలంతా అల్లుకుపోతోంది. పందిరి వెయ్యమని నాన్నని అడిగితే అరుగు దిగలేదు. అమ్మకి ముడి వెయ్యడం కూడా సరిగ్గా రాదు. నేనేమో నిండు చూలాలిని. ఇద్దరం కలిసి నాలుగు వెదుళ్లు పాతి, పైన కంపలు పరిచి, కొబ్బరి తాళ్లతో ఏదో కట్టాం. ఒక మూల లేచి, ఒక మూల కుంగి, గాలి వస్తే కిర్రుమంటూ ఊగేది. నాన్న రెండు రోజులు దాన్ని చూసి చూసి, మూడోనాడు పొద్దున్నే లేచి మొత్తం విప్పి పారేశారు.

"ఇదేం పందిరే? దీని కింద కుక్క కూడా పడుకోదు," అన్నారు.

ఎన్నో నెలల తరవాత అమ్మతో ఆయన కోపం లేకుండా మాట్లాడిన మాట అదే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దొడ్డి తలుపు వెనక్కి వెళ్లి ఏడ్చింది.

ఆ పందిరిని ఆయన ఓడ కట్టినట్టే కట్టారు. పాదు దానిమీదికి పాకుతుంటే, ఏ తీగ ఎటు పోతోందో చూడడానికి రోజూ లేచేవారు. ఆనప తరవాత చిక్కుడు, బీర, పొట్ల. పక్కన వంగ, మిరప, బచ్చలి. బావి దగ్గర కర్పూర అరటి. అమ్మ కోసం గట్టు వెంట కనకాంబరాలు. మాది చవుడునేల, బావి నీళ్లు ఉప్పు, సముద్రం పోటుకి ఏటి నీళ్లూ ఉప్పే. కొత్తగా వచ్చిన కాలవ మాకు కొంచెం దూరం; కాలవ పూడిక తీసిన ఒండ్రుమట్టి గంపలతో తెచ్చి పోశారు, పేడా బూడిదా కలిపారు, పొద్దునా సాయంత్రం కావిడితో తీపినీళ్లు మోశారు. మొదట్లో సగం కుండ నీళ్లు దారిలోనే ఒలికిపోయేవి. పోనుపోనూ ఒలకడం తగ్గింది, చెయ్యి వణకడం తగ్గింది. వంగిన నడుము నిటారైంది. కావిడి దించి వచ్చి ఆకలేస్తోందని అడిగి మరీ పెట్టించుకుని తినేవారు. చీకటి పడితే అరుగు మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవారు. పురుడయ్యాక నా పసిదాన్ని భుజాన వేసుకుని పాదుల మధ్య తిప్పుతూ, ఇది మీ అమ్మమ్మలాగా ఘాటు అని మిరపమొక్కని చూపించి నవ్వేవారు. నేను మళ్లీ రాజమండ్రి వెళ్లేనాటికి, నాన్నకి జబ్బు చేసిందన్న మాటే ఇంట్లో అందరం మర్చిపోయాం.

ఆ మర్చిపోవడమే కొంప ముంచింది.

కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఒక షావుకారు మనిషిని పంపించాడు. పొగ ఓడలకి దీటుగా పెద్ద తెరచాప ఓడ కట్టించాలని ఆయన పట్టుదల; అంతటి ఓడ కట్టగల మేస్త్రి ఇంకెవరూ లేరని ఎవరో మా నాన్న పేరు చెప్పారట. నాన్న దగ్గరే ఓడల పని చేసిన మా బాబాయి ఎగిరి గంతేశాడు. ఆయనకీ పని లేక చాలాకాలమైంది. ఆ సమయానికి మావారూ నేనూ నరసాపురంలోనే ఉన్నాం. నాన్న ఆ మాట విని, చిక్కుడు కాపు అయిపోనివ్వండి చూద్దాం అన్నారు.

"చిక్కుడుకాయల కోసం ఓడ వదులుకుంటావా అన్నయ్యా? నలుగురూ వింటే నవ్వుతారు," అన్నాడు బాబాయి.

మావారు కూడా, మీ విద్య మీతోనే పోకూడదు మావయ్యగారూ అన్నారు. నాకూ అదే సబబనిపించింది. నాన్న మళ్లీ మేస్త్రి అవుతున్నారంటే ఇంట్లో సంతోషించనివాళ్లెవరు? ఆయన మాత్రం అమ్మవైపు తిరిగి, "మరి మొక్కల సంగతేంటే?" అని అడిగారు.

"మొక్కలు ఎక్కడికి పోతాయండీ? మీరు నిశ్చింతగా వెళ్లిరండి," అంది అమ్మ.

బాడిసలూ ఉలులూ సంచిలో కట్టుకుని, బాబాయితో కలిసి పడవెక్కారు. పడవ కదిలేదాకా అమ్మకి ఏ పాదుకి ఎన్ని నీళ్లు పొయ్యాలో చెబుతూనే ఉన్నారు.

అక్కడ చెట్టూ చేమా లేని ఇసకలో పాక. పగలంతా ఎండ, పని, రాత్రయితే దోమలు. ఓడ పక్కటెముకలు నిలబెట్టి, అడుగు పలకలు పరిచేదాకా బాగానే సాగిందట. తరవాత షావుకారు రంగం వ్యాపారం దెబ్బతింది. ఆయన రావడం మానేశాడు, కలప రావడం మానేసింది. పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బాబాయి వెళ్లిపోదామన్నా వినకుండా నాన్న ఆ ఎముకల గూడుని కాపలా కాస్తూ ఒక వానాకాలమంతా అక్కడే ఉండిపోయారు. చివరికి చలిజ్వరం పట్టుకుంటే బాబాయి పడవలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు.

ఇంటికొచ్చిన నాన్న ముందు పెరట్లోకే వెళ్లారట. అమ్మ ఒంటి మనిషి. అంత దూరం నుంచి కుండతో ఎన్ని నీళ్లు తేగలదు? మొదటి వేసవికే తీగలు ఎండాయి, మేకలు పడి మిగిలింది మేశాయి, పందిరి గుంజలకి ఎవరో గేదెల్ని కట్టుకుంటున్నారు. నాన్న కోప్పడలేదు. దాచిన విత్తనాలు అమ్మ తెచ్చి చూపిస్తే, "ఇప్పుడెవరు మోస్తారే నీళ్లు?" అని ఒక్క మాట అని, వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

కబురు తెలిసి నేను వచ్చాను. జ్వరం తగ్గింది గాని మనిషి తేరుకోలేదు. పాలేరుని పెట్టి నీళ్లు మోయించాం, మొక్కలు నాటించాం. అవి బతికాయి, ఆయన వాటివైపు చూడలేదు. ఒకనాడు కాళ్లకి నూనె రాస్తుంటే తనంతట తనే అన్నారు: "ఓడ పూర్తయిన రోజున వెళ్లిపోయేదమ్మా. నేను ఒడ్డునే ఉండిపోయేవాణ్ణి. ఆ పాదులైతే పొద్దున్న లేచేసరికి నాకోసం కాచుకుని ఉండేవి."

అంత మాట మనసులో ఉన్న మనిషి, వెళ్లమని మేమందరం అన్నప్పుడు ఎందుకు చెప్పలేదో. చెప్పినా మేం వినేవాళ్లం కాదేమో. ఆ మరుసటి ఏడు వానలకి ముందే నాన్న పోయారు.

అమ్మ ఆ తరవాత చాలాకాలం బతికింది. పోయిన భర్త గురించి అందరు ఆడవాళ్లూ చెప్పుకునే మాటలేవీ చెప్పేది కాదు. ఒక్కటే అనేది, తోట ఆయనకి మందనుకున్నాను, జబ్బు తగ్గగానే మానిపించాను, అది ఆయనకి అన్నమని తెలుసుకోలేకపోయాను అని. అమ్మ ఒక్కత్తే కాదు, మేమెవరమూ తెలుసుకోలేదు. కోలుకున్న మనిషిని చూస్తే, ఇంక ఇతన్ని ఏ పనికి పంపుదామా అనే తోస్తుంది లోకానికి. ఆ కోలుకున్న చోటే నాలుగు రోజులు ఉండనిద్దామని ఎవరికీ తోచదు. ఇప్పుడు కూరలు సంతలో గంపలతో దొరుకుతున్నాయి. పెరళ్లలో వాటాల గోడలు లేచాయి. మనిషి విలువంతా చేసే ఉద్యోగంలోనే ఉందనుకోవడం అప్పటికంటే పెరిగింది గాని తగ్గలేదు.

పోయిన ఏడు ఒక పెళ్లికని నరసాపురం వెళ్లాను. గోదావరి ఏటేటా గట్టుని కోసుకుంటూ వచ్చి, మా ఇల్లున్న వీధినీ పెరటినీ ఎప్పుడో కలిపేసుకుంది. రేవు పడవలో అవతలి ఒడ్డుకి దాటుతూ, మా పెరడు ఇక్కడే ఉండాలి అనుకుని నీళ్లలోకి చూశాను. పక్కన కూర్చున్న ఆవిడ ఏమైనా జారిపడిందా అండీ అని అడిగింది. లేదమ్మా అన్నాను. పడవ ఆ చోటు దాటి ముందుకు వెళ్లిపోయింది.