ఇద్దరు తిప్పే గడ్డి యంత్రం

మా ఆవిడ పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, ఒక ముసలి ఎద్దూ. పొలం కౌలుకిచ్చేశాను కాబట్టి ఎద్దుతో పని లేదు. అమ్మేయమని ఇరుగూ పొరుగూ చెవినిల్లు కట్టుకుని పోరారు. దూడప్పటి నుంచి ఆవిడ పెంచిన ఎద్దు అది. దాన్ని కూడా తోలేస్తే ఇక గోడలతో మాట్లాడుకోవాలి. అమ్మనని తెగేసి చెప్పాను.

చిక్కల్లా మేత దగ్గరే. దాని పళ్లు అరిగిపోయి, పొడుగు గడ్డి నమల్లేక నోట్లోంచి జార్చేసేది. ఆవిడ ఉన్నన్నాళ్లూ కత్తిపీట ముందేసుకుని గడ్డి సన్నగా తరిగి, తౌడు కలిపి పెట్టేది. నాకేమో మోకాళ్లు వంగవు. పీట మీద కూర్చుంటే లేవడానికి ఎవరైనా చెయ్యివ్వాలి. ఎద్దు డొక్కలు రోజురోజుకీ లోపలికి పోతున్నాయి. ఇలాగైతే వానలదాకా బతకదు. నిలబడి గడ్డి కోసే సాధనం ఏదైనా చవగ్గా దొరుకుతుందేమోనని వెతకడం మొదలెట్టాను.

మన్యంలో గొడవలు అణిగి, నర్సీపట్నంలో దిగిన పటాలం అప్పుడే వెళ్లిపోయింది. వాళ్ల గుర్రాలకు మేత కోసిన యంత్రాలను యలమంచిలి నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారి ఒకడు కొని, బలిఘట్టం దారిలో పాక వేసి అమ్మకానికి పెట్టాడు. కొత్తది కొనే తాహతు నాకెలాగూ లేదు, వెళ్లాను. ఉన్నవాటిలో రెండే పనికొచ్చేలా కనిపించాయి. ఒకదానికి పెద్ద ఇనప చక్రం, ఆ చక్రానికి రెండు కత్తులు. రెండోది చిన్న చెక్క తొట్టె, చివర పైకీ కిందికీ ఆడే పొడుగాటి కత్తి. చక్రం తిప్పి చూశాను, ఊగకుండా తిరిగింది. కత్తులకు తుప్పుంది కానీ గంట్లు లేవు. తొట్టెకి చెదపురుగు పట్టిందేమోనని గోరుతో గీకాను. అదీ బాగానే ఉంది.

"ఇంట్లో పనికి ఎంతమందున్నారు బావూ? అది సెప్పండి, ఏది పట్టుకెల్లాలో నాను సెప్తాను" అన్నాడు వ్యాపారి.

మా ఆవిడకో పట్టింపు ఉండేది. వస్తువు కొనేచోట 'లేదు' అన్న మాట నోట రాకూడదు. ఇంట్లోనూ అంతే, బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనాలి. సంతలో నేను 'చిల్లర లేదు' అన్నానంటే కళ్లెర్రజేసి చూసేది. చాదస్తమని వెక్కిరించేవాణ్ణి. ఆరోజు మాత్రం ఆవిడ పక్కనే నిలబడి చూస్తున్నట్టనిపించి, ఆ మాట అనలేకపోయాను.

"ఇద్దరం" అన్నాను చివరికి.

"అయితే సెక్రం ఉన్నదే పట్టుకెల్లండి. ఒకలు గడ్డి తోసి, ఒకలు తిప్పితే బేగి అయిపోద్ది."

ఇంటికొచ్చాక తెలిసొచ్చింది. చక్రం తిప్పితే గడ్డి తోసేవాళ్లు లేరు, గడ్డి తోద్దామని ఇటు వస్తే చక్రం ఆగిపోయేది. ఇటు కాసేపూ అటు కాసేపూ తిరిగి తిరిగి గుప్పెడు గడ్డి కోశాను. ఎద్దు తాడు లాక్కుంటూ చూస్తోంది. ఒళ్లు మండి చక్రాన్ని ఒక్క తన్ను తన్నాను. నా మోకాలే నొప్పెట్టింది. అరుగు మీద కూలబడి బావురుమని ఏడ్చాను. ఆవిడ పోయిన నాడు కూడా అలా ఏడవలేదు, ఆరోజు ఇంటినిండా జనం.

మర్నాడు బండి మాట్లాడుకుని యంత్రాన్ని వెనక్కి తీసుకెళ్లాను.

"ఏటి బావూ, ఇరిగిపోనాదేటి?"

"యంత్రం బాగానే ఉంది. నాకు ఆ చిన్నది ఇయ్యి."

"ఇద్దరున్నామని సెప్పినారు గదా?"

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి అంతవరకు ఎవరికీ నేనుగా చెప్పాల్సిన పని పడలేదు.

"మా ఆవిడ లేదు" అన్నాను.

"నిన్ననే సెప్పుంటే సరిపోను గదా బావూ."

"కొనేకాడ లేదనకూడదు."

"ఎవులు సెప్పినారు?"

"ఆవిడే."

అతను చక్రం యంత్రాన్ని బండిలోంచి దింపుకున్నాడు. చిన్న యంత్రాన్ని తనే ఎత్తి బండిలో పెట్టాడు.

ఆ సాయంత్రం ఎడం చేత్తో గడ్డి తోస్తూ, కుడిచేత్తో కత్తి దింపాను. ఒక్క మనిషికి సరిపోయింది. ఎద్దు మొహమంతా తౌడు పూసుకుని తిని, ఇంకా పెట్టమన్నట్టు తలెత్తి చూసింది. కోసిన గడ్డి అప్పటికే అయిపోయింది.

"నిండుకుంది, ఆగు" అన్నాను దాంతో.