ఊపిరి పట్టని మైకు

వినుకొండలో మైకుసెట్టు బాబాయి విత్తనాల ప్రకటనైనా, చావు కబురైనా గుంటూరు పాతసామాన్ల కొట్లో కొన్న సొట్టమైకులోనే చెప్పి, క్యాసెట్టుకెక్కించి, ఆటోలో ఊరంతా వినిపించేవాడు. చెప్పేముందు దానికి జేబురుమాలు చుట్టేవాడు. నేను కొత్త మైకు కొనిస్తే బీరువాలో పెట్టేశాడు.

"ఇది ఊపిరి కూడా పట్టేద్దిరా. జనానికి మాట చాలు," అన్నాడు.

ఆయన భార్య పోయినరోజు ఆ కబురూ తనే చెప్పాడు. ఆటో మా వీధిలోకొచ్చింది. పిన్ని పేరుకు ముందు పొడుగ్గా ఊపిరి వినపడింది. పేరు తర్వాత మళ్లీ ఊపిరే.

బాబాయి కొట్టుకెళ్లి చూశాను. బల్లమీద సొట్టమైకు, రుమాలు చుట్టి సిద్ధంగా ఉంది. క్యాసెట్ రికార్డరుకు మాత్రం కొత్తది తగిలించి ఉంది.

కంగారులో మైకు మారిందో, కావాలనే మార్చాడో నాకిప్పటికీ అంతుపట్టదు. అడగబోతే నా గొంతులోంచీ ఊపిరే వచ్చింది.