అత్త ఎక్స్‌రేలో నడిచిన నీడ

ఇప్పుడంటే ఎవరి ఎముకలు చూసినా నా టిఫిన్ ఆగదు గానీ, ఎక్స్‌రే పని నేర్చుకునే ఆ రోజుల్లో నా అంత పిరికిది వేలూరు చుట్టుపక్కల ఇంకొకతె ఉండేది కాదేమో. ప్లస్ టూ సైన్సులో ఎలాగో గట్టెక్కి రెండేళ్ల డిప్లొమాలో చేరాను. గుడియాత్తంలో లుంగీలు నేసే మా ఇంట్లో ఆ చదువు పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఆడపిల్లకి కరెంటు పనేమిటని నాయన అడ్డం పడితే, మా మేనత్త నెల రోజులు ఆయనతో మాటలు మానేసి ఒప్పించింది. ఇంట్లో ఇదొక్కటైనా కుర్చీలో కూర్చుని పని చెయ్యాలని ఆమె పట్టుదల (ఎక్స్‌రే గదిలో మాకు కుర్చీ ఉండదని పాపం ఆమెకు తెలియదు).

రెండో ఏడు శిక్షణకి ఒక ఆస్పత్రి నేలమాళిగలో వేశారు. కిటికీ లేదు. సీసం రేకు తాపిన తలుపు మూస్తే బయటి గోలంతా ఆగిపోయి, పట్టపగలే నా ఊపిరి నాకు వినపడేది. మాకు నేర్పే పెద్దాయన్ని మూచ్చు సార్ అనేవాళ్లం. "మూచ్చు ఇళుంగ, అడక్కుంగ" అని, అంటే ఊపిరి పీల్చి బిగబట్టండని, రోజంతా తమిళంలో చెప్పీ చెప్పీ ఇంట్లో భార్యతో కూడా అలాగే అంటాడని ప్రతీతి. సాయంత్రం రైలెక్కితే ఎదురుగా కూర్చున్నవాళ్ల చర్మం మాయమై పుర్రెలు కనపడేవి. లత్తేరిలో దిగే పూలమ్మే అవ్వ రోజూ నన్ను చూసి నవ్వేది. నాకు దవడ ఎముక మొత్తం కనపడేది. కళ్లు గట్టిగా మూసుకుని గుడియాత్తం దాకా దేవుణ్ణి తలుచుకుంటూ పోయేదాన్ని.

అలాంటి రోజుల్లో, రెండు నెలలుగా దగ్గు తగ్గక ఒళ్లు చిక్కిపోయిన అత్తను నాయన మా ఆస్పత్రికే తీసుకొచ్చాడు. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాశాడు. ఆమెకేమైనా అయితే అన్న ఆలోచన కూడా నావల్ల కాలేదు. గౌను చేతికిచ్చి, మెడలో ఏమున్నా తీసెయ్యమన్నాను. "నా మెడలో ఏముండాది పాపా, తీసేదానికి?" అంది. నిజమే. నేను పుట్టకముందు, మామ బెంగుళూరులో ఇంకో కాపురం పెట్టాడని తెలిసిన రోజు, వీధి వీధంతా చూస్తుండగా తాళి తెంచి కాలవలో పారేసిన మనిషి ఆమె. అప్పటినుంచి ఆమె మా ఇంట్లోనే ఉంది, ఆయన పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

తెర మీద బొమ్మ వచ్చింది. వెన్నెముకకి ఎడమ పక్కన, ఊపిరితిత్తి మీద, చిటికెన వేలంత నీడ. మూచ్చు సార్ చాలాసేపు చూసి, ఇంకోటి తియ్యమన్నాడు. లోపలికెళ్లి అత్త మెడా, గుండెల పైభాగం తడిమి చూశాను. ఏమీ లేదు. ఆమె ఎందుకో భుజాలు సర్దుకుంది. రెండో బొమ్మలో నీడ కుడి పక్కకి వచ్చి కూర్చుంది. పుస్తకంలో చదివిన జబ్బులన్నీ ఉన్నచోట ఉండేవే గానీ నడిచే జబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. అద్దం అవతల అత్త తెల్ల గౌనులో ఊపిరి బిగబట్టి, బొమ్మలా నిలబడే ఉంది (వదలమని చెప్పడం మరిచిపోయాను). మూచ్చు సార్ జేబులోంచి విభూతి పొట్లం తీసి నా నుదుటికింత పెట్టి, తనూ పెట్టుకున్నాడు. అంత అనుభవమున్న మనిషి అలా చేసేసరికి నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

ఏడుస్తూ పరిగెత్తి అత్తను వాటేసుకున్నాను. వీపు మీద, గౌను కింద, నా అరచేతికి గట్టిగా ఏదో తగిలింది. లాగి చూస్తే పసుపు తాడు, దానికి కట్టిన పసుపు కొమ్ము. జడ కింద వెనక్కి తోసి దాచుకుంది. నేను తడిమినప్పుడు ఇంకో పక్కకి జరిపింది. నాయన బయట కూర్చున్న వైపు, మూసిన తలుపు కేసి ఒకసారి చూసి, మెల్లగా అంది.

"మీ నాయనకి చెప్పొద్దు పాపా. ఆయప్ప తిరిగొస్తాడని కాదు. తాళి పారేసిన రాత్రే ఇది కట్టుకున్నా. ఏమో, తియ్యలేకపోయినాను."

తాడు నా చేతికి తీసుకుని మూడో ఎక్స్‌రే తీశాను. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. దగ్గు నూలు దుమ్ము వల్లేనని డాక్టరు మందిచ్చాడు. మిషనుదే తప్పని మూచ్చు సార్‌తో అబద్ధం చెప్పాను. ఆయన మిషనుకి కూడా విభూతి పెట్టాడు. ఆ తాడు మళ్లీ నేనే కట్టాను. ముడి సరిగ్గా పడక రెండుసార్లు విప్పాల్సి వచ్చింది.

మనిషి లోపల ఏముందో చూసే చదువు చదువుతున్నానని ఆ ఏడంతా మా వీధిలో ఎంత గొప్పలు పోయానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పుట్టినప్పటినుంచీ అత్త పక్కలోనే పడుకుని, ఆమె వీపు మీద చెయ్యేసి నిద్రపోయినదాన్ని, ఆ తాడు ఒక్కసారీ చూడలేదు.