తాళం వేసిన హాలుకు పరుగు

ఆ రోజుల్లో నా భక్తికి కాళ్లే గాని చెవులు ఉండేవి కావు. డబ్లిన్‌లో ఎమ్మెస్ చదువుతూ, క్లాండాల్కిన్‌లో ఒక అద్దె హాల్లో కూడే మా తెలుగు సంఘానికి ఒక్క ఆదివారం కూడా మానకుండా వెళ్లేవాణ్ణి. ఆ సంగతి అందరికీ తెలిసేలా కూడా జాగ్రత్తపడేవాణ్ణి. ఆ ఏడు మోకాలి లోతు మంచు పడింది. బస్సుల్లేవు, లువాస్ ట్రామూ లేదు. "ఈ వారం ఎవరిళ్లలో వాళ్లు ప్రార్థన చేసుకోండి" అని పాస్టర్‌గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇది నా విశ్వాసానికి వచ్చిన పరీక్ష అని తీర్మానించుకున్నాను (పాస్టర్‌గారి విశ్వాసం సంగతి ఆయనే చూసుకుంటారు). ఆరాధనకు మేమంతా తెల్లబట్టలే కడతాం. పైన నల్ల జాకెట్టు వేస్తే ఆ తెలుపు కనిపించదని, దాన్ని గదిలోనే వదిలేసి పరుగు మొదలుపెట్టాను.

పరుగంటే, నారుమడిలో దిగిన కొంగలా ఒక్కో కాలూ పైకి లాక్కోవడమే. పారతో వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్న ఒక ఐరిష్ పెద్దాయన "ఆర్ యూ గ్రాండ్, ల్యాడ్?" అని, బాగానే ఉన్నావా అన్నట్టు అడిగితే, పళ్లు టకటకలాడుతుండగా "గ్రాండ్!" అన్నాను. ఆయన పక్కిల్లే, ప్రతి ఆదివారం నాకు అన్నం పెట్టే ఆంటీది. ఆవిడ తలుపు తీసి కేకేసింది.

"నాయనా, కాస్త ఆగు! అంకుల్ బీపీ మాత్రలు నిన్నటితోనే అయిపోయినాయి. ఆ మూల మందుల షాపు పన్నెండుకే మూసేస్తారంట. తెచ్చిపెట్టవా?"

"వందనాలాంటీ! ఆరాధనకి పోతున్నా. వచ్చేటప్పుడు తెస్తాలే."

"ఆరాధన లేదన్నారు గదయ్యా!"

"దేవుడు లేడన్లేదు గదాంటీ!"

(ఆ జవాబు నాకెంత నచ్చిందంటే, మలుపు తిరిగేదాకా నాలో నేనే మళ్లీ మళ్లీ అనుకున్నాను.)

హాలుకు తాళం. తలుపు సగందాకా మంచు. దాని ముందు నిలబడి ఫోటో తీసుకున్నాను. తెల్లటి మంచులో తెల్లటి నేను కలిసిపోయి, మీసం ఒక్కటే గాల్లో వేలాడుతోంది. అయినా "మంచు నన్ను ఆపలేదు" అని రాసి గ్రూపులో పెట్టాను. ఆమేన్‌లు రావడం మొదలైంది. మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే చదువుకున్నాను. తిరిగొచ్చేసరికి షాపు మూసేశారు.

ఆంటీ ఇంట్లో అంకుల్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, కుడి చెయ్యి తువ్వాలుతో చుట్టి. పక్కన పారతో ఆ ఐరిష్ పెద్దాయన.

"షాపు మూసేస్తారేమోనని అంకులే బయల్దేరాడయ్యా," అంది ఆంటీ, కోపం లేకుండానే. "మలుపులో జారాడు. ఈ పక్కింటాయనే మోసుకొచ్చాడు. అంబులెన్స్ వస్తోంది."

అంకుల్ నన్ను చూసి నవ్వబోయారు. "ఫోటో చూశాను బాబూ, బాగుంది. ఆమేన్ పెడదామంటే చెయ్యి రావట్లేదు."

తర్వాత "ప్రార్థన చెయ్యి" అన్నారు. గంటసేపు ప్రార్థించగలనని పేరున్నవాణ్ణి. వంగి ఆయన బూట్లకంటిన మంచు దులపడం మొదలుపెట్టాను. బైబిలు కథలో, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి చూసి పక్కగా వెళ్లిపోయిన యాజకుడు అంత తొందరగా ఎక్కడికి పోతున్నాడో నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. ఆ రోజు అర్థమైంది.

అంకుల్ విరిగిన మణికట్టు మళ్లీ పూర్తిగా తిన్నగా రాలేదు. ఇప్పుడు నేనుంటున్న కార్క్ ఊరి నుంచి ఎప్పుడైనా ఆ సంఘానికి వెళితే, ఆరాధన అయ్యాక అంకుల్ ఆ వంకర చెయ్యే చాపుతారు. రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోతాను.

"ఇక వదులు బాబూ," అంటారాయన. "వెనకాల జనం ఉన్నారు."